ఆరో అంతస్తు

రాకుమారి ఐదో అంతస్తులో ఉంది.
నా బకెట్టూ తుడుపుకర్రా ఆరో అంతస్తులో.

రాజుగారింటి పెద్దావిడ. ఎనభై తొమ్మిదేళ్ళు.
నుకుఅలోఫా నుంచి మూడు గంటలు గాల్లో తెచ్చారు.
నెత్తురు దారి మూసుకుపోయిందట,
తొడలోంచి తీగ పంపి
గుండె దగ్గర చిన్న వల విప్పుతారట.
రేడియోలో డాక్టరు చెప్పింది ఇంతే.
జీవితమంతా చేపలు పట్టిన మా మామయ్యకి
వల అన్న మాట ఒక్కటే అర్థమై
"ఏ కన్ను వల? ఎవరు అల్లారు?" అని
రెండు సార్లు ఫోను చేశాడు.

కార్ల పార్కింగులో ఇది మూడో రాత్రి.
నడుముకి చాపలు చుట్టుకుని
తారు మీద బాసింపట్టు వేసుకుని
రెండొందల మంది.
ఒటాహుహు చర్చి వాళ్ళూ మాంగెరె చర్చి వాళ్ళూ
పాత తగాదా ఈ వారానికి పక్కన పెట్టి
ఒకే శ్రుతిలో పాడుతున్నారు.
ఆస్పత్రి మనిషి వచ్చి
గంటకి ఇంత అని బోర్డు చూపించాడు.
తలలు వంచి విన్నారు.
మళ్ళీ మొదటి చరణం అందుకున్నారు.

డ్యూటీకి వస్తుంటే చుట్టుముట్టారు.
"కలొలాయినే, నువ్వు లోపలి దానివి.
ఎలా ఉందట?"
నేను చూసేది చెత్తబుట్టల్ని.
కింద గదిలో ఐదో అంతస్తు సంచి విప్పినప్పుడు
కనబడిందే చెప్పాను:
"కస్టర్డు సగం తిన్నట్టుంది."
సగం, సగం అని
ఆ మాట వరస దాటి వరస వెళ్ళింది.
ముసలి తేవిత కళ్ళు తుడుచుకున్నాడు.
ఆ కప్పు ఆవిడదో
పక్క గది కుర్రాడిదో
నాకే సరిగ్గా తెలియదు.

పదింటికి తట్టింది.
ఐదు వందల పన్నెండు మీద
సరిగ్గా ఆరు వందల పన్నెండు.

మా దీవుల్లో పెద్దల ముందు నిలబడం,
వాళ్ళకన్నా ఎత్తున కూర్చోం.
రాజుల తలకి మామూలు మాట వాడం,
లంగి అంటాం.
లంగి అంటే ఆకాశం.
దేశమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి
నెత్తి మీద
రబ్బరు బూట్లతో నేను.

సూపర్‌వైజరు బ్రిజెట్‌కి చెప్పాను.
"మధ్యలో అడుగు మందం కాంక్రీటుంది కదా" అంది.
ఉంది. కాంక్రీటుకి మర్యాదలేం తెలుసు?

బూట్లు విప్పాను.
చాలలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడిచాను
కిటికీ మూల నుంచి తలుపు దాకా.
మంచం మీది బస్సు డ్రైవరు
"ఏం పారేసుకున్నావమ్మా" అన్నాడు.
ఉంగరం అన్నాను.
పాపం, అతనూ దుప్పటి దులిపి చూశాడు.

అక్కడ, నేల మీద, మా అమ్మ గుర్తొచ్చింది.
హాపాయిలో ఒక చిన్న దీవి. అమ్మకీ గుండే.
శుక్రవారం రావలసిన పడవ
గాలని ఆగింది, ఆదివారమని ఆగింది,
సోమవారం వచ్చి
సిమెంటు బస్తాలు దించి వెళ్ళింది.
అప్పటికి అమ్మని చాపలో చుట్టేశాం.
అప్పుడూ పాడారు జనం.
పదకొండు మంది.

ఇందులో ఈ పెద్దావిడ తప్పేముంది?
ఒకసారి మా బడికి వచ్చింది,
వరసలో నా దగ్గర ఆగి
జడ మరీ బిగించారే అని
తనే వదులు చేసింది.
నా తల మీద ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.
నలభై ఏళ్ళయింది. ఇంకా చల్లగానే ఉన్నాయి.

కోపం ఎటు వెళ్ళాలో దానికీ తెలీలేదు.
గుడ్డ గట్టిగా పిండాను.

తెల్లారే ముందు
కింద పాట ఒక్కసారిగా ఆగింది.
నా చెయ్యి ఆగింది.
బస్సు డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు.

వానట.
టార్పాలిన్లు కప్పుకోవడానికి ఆపారట.
మళ్ళీ మొదలైంది, ఈసారి మగ గొంతులు ముందు.

నేనింకా లేవలేదు.
పైన, ఏడో అంతస్తులో
ఎవరో బల్ల లాగారు,
సరిగ్గా నా నడినెత్తిన.